వ్రేలిముద్రల విద్య – సర్ ఎడ్వర్డ్ హెన్రీ జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకై ఎవరిదేని యొక ప్రసిద్ధ పురుషుని జీవితము వ్రాసి పంపుమని కార్యవర్గము వారు నన్ను కోరిరి. దేశనాయకుల చరిత్రములు, కవుల చరిత్రములు వ్రాయువారు ఈ సంచికలో పెక్కుమంది యుందురు. నేను ఒక పోలీసు అధికారి చరిత్ర వ్రాయదలచితిని. గ్రంథాలయ సంచికలో పోలీసు అధికారికి పని యేమని కొందరు నవ్వవచ్చును. పని కలదు.

మన గ్రంథాలయమునకు స్థలము దానమిచ్చిన పత్రమును ఇటీవల పెట్టె నుండి తీసి చూచితిని. దాతలు ఆరుగురు. నలుగురు చేవ్రాలు చేసిరి. తక్కిన ఇరువురు నిశానీదారులు. ఆ నలుగురి సంతకములలో రెంటిని నేనెంత ప్రయత్నించినను చదువలేకపోతిని. నిశానీదారుల ఎడమ బొటనవ్రేలి ముద్రలు మాత్రము గీత గీతకు విడివడి, నిన్న వేసినట్లు స్పష్టముగా నున్నవి. ఇది ఎవరి సంతకమని రేపు వివాదము వచ్చినచో చదువుకొన్న నలుగురికంటె చదువురాని ఇరువురి సాక్ష్యమే గట్టిగా నిలుచును.

రిజిస్ట్రారు కచేరి మెట్లు దిగుచు, సిరా అంటిన బొటనవ్రేలిని తలవెండ్రుకలకు తుడుచుకొను రైతులను నా చిన్ననాట పెక్కు మారులు చూచితిని. అక్షరము రాదను సిగ్గు వారి ముఖములందు కనిపించెడిది. ఆ సిగ్గును బాపుటకే 1914లో బెజవాడలో కూడిన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొదలుకొని మన పెద్దలు ఊరూర పుస్తకములును, రాత్రి పాఠశాలలును నెలకొల్పిరి. ఆ పని మంచిది. కాని ఆ ముద్రకు గల శాస్త్రగౌరవము ఆ రైతులకు గాని, వారిని చూచి నవ్విన పిల్లలమగు మాకు గాని నాడు తెలియదు. ఆ గౌరవమును లోకమునకు తెలిపినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ రిచర్డ్ హెన్రీ.

హెన్రీ 1850 జూలై 26వ తేదీన లండను నగరమున, థేమ్సు నది రేవులకు సమీపమున నున్న షాడ్వెల్ అను పేటలో జన్మించెను. తల్లిదండ్రులు ఐర్లండు దేశీయులు, తండ్రి వైద్యుడు. సంపన్న కుటుంబము కాదు. పదునారవ యేటనే లాయిడ్స్ అను నావికా భీమా సంస్థలో గుమాస్తాగా చేరి, సాయంకాలపు తరగతులలో చదువుకొని, 1873లో ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలో కృతార్థుడయ్యెను. వంగరాష్ట్రమున రెవిన్యూ ఉద్యోగములు చేసి, హిందీ, ఉర్దూ భాషలు బాగుగా నేర్చి, మేజిస్ట్రేటు కలెక్టరై, 1891లో వంగరాష్ట్ర పోలీసు శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలుగా నియమింపబడెను. అప్పటికి ఆయన వయస్సు నలుబది దాటినది. అంతవరకు ఆయన జీవితమున చెప్పుకొనదగిన విశేషము లేదు.

వంగరాష్ట్రమున వ్రేలిముద్రల కథ ఆయనకు ముందే మొదలైనది. సర్ విలియం హెర్షెల్ అను అధికారి 1858 జూలైలో జంగీపురమున ఒక రోడ్డు కంట్రాక్టు వ్రాయించుచు, రాజ్యధర్ కొనాయ్ అను కంట్రాక్టుదారుని అరచేతికి సిరా పూసి ఒప్పందపు కాగితము వెనుక అద్దించెను. సంతకము నాది కాదని అతడు పిదప బొంకకుండ భయపెట్టుటయే ఆనాటి ఉద్దేశము. కాని వేసినకొలది హెర్షెల్‌కు ఆ గీతలపై ఆసక్తి పెరిగెను. తన ముద్రలనే ఏండ్లతరబడి తీసి పోల్చి చూచి, అవి మారవని తెలిసికొనెను. 1877లో హుగ్లీ జిల్లాలో పింఛనుదారుల చేతను, దస్తావేజులు రిజిస్టరు చేయించుకొనువారి చేతను ముద్రలు వేయించెను. నేటికిని మన సబ్‌రిజిస్ట్రారు కచేరులలో సాగుచున్న ఆచారమునకు మూలము అదియే. జపానులో వైద్యుడుగా నుండిన హెన్రీ ఫాల్డ్స్ 1880లో నేరస్థలమున దొరకు ముద్రలచేత దొంగలను పట్టవచ్చునని పత్రికాముఖమున ప్రకటించెను. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో వ్రేలిముద్రలపై గ్రంథము వ్రాసి, శిశువు గర్భమున నుండగనే ఏర్పడిన గీతలు మరణించి శరీరము శిథిలమగువరకు మారవనియు, ఇరువురి ముద్రలు ఏకమగుట దాదాపు అసంభవమనియు లెక్కలతో చూపెను.

ఇంతవరకు బాగున్నది. కాని పోలీసు కచేరిలో నలుబది యేబది వేలమంది ముద్రలు పోగుపడినచో, ఇప్పుడు పట్టుబడినవాడు ఆ పోగులో ఉన్నాడో లేడో కనుగొనుట యెట్లు? ఒక ఊరిలో వెంకయ్య యని శిక్షపడినవాడు మరియొక ఊరిలో సుబ్బయ్య యని పేరు చెప్పును. పేరు చూచి వెదకిన దొరకడు. ముద్రను ముద్రతో పోల్చుచు పోయిన సంవత్సరము పట్టును. గాల్టన్ ఈ చిక్కును పూర్తిగా విప్పలేకపోయెను. పారిసులో బెర్తియాన్ అనువాడు మనుష్యుని తల, చేయి, పాదము మున్నగు అవయవములను కొలిచి గుర్తించు పద్ధతి నొకదానిని ప్రచారము చేసియుండెను. హెన్రీ మొదట దానినే కలకత్తాలో అమలుపరచెను. కాని ఒకే మనుష్యుని ఇరువురు కొలిచిన రెండు కొలతలు వచ్చుచుండెను. ఎదుగు వయస్సున నున్నవానికి కొలతలే మారిపోవును. పుస్తకము లెన్ని యున్నను వరుస లేని గ్రంథాలయము ఎట్టిదో గ్రంథపాలకులకు వేరుగ చెప్పనక్కరలేదు. పుస్తకములకు అమెరికాలో డ్యూయీ 1876లోను, మన దేశమున రంగనాథన్ గారు 1933లోను ఏర్పరచిన వర్గీకరణముల వంటిది వ్రేలిముద్రలకును కావలసివచ్చెను.

ఇక్కడ మన కథలోనికి ఇరువురు భారతీయులు ప్రవేశింతురు. హెన్రీ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల అధ్యక్షుని అడిగి, గణితమున దిట్టయైన యొక విద్యార్థిని పోలీసు ఉద్యోగమునకు తీసికొనెను. ఖుల్నా ప్రాంతమునకు చెందిన ఆ యువకుని పేరు కాజీ అజీజుల్ హక్. రెండవవాడు నదియా ప్రాంతీయుడు హేమచంద్ర బోసు. హెన్రీ 1894లో లండనులో గాల్టన్‌ను కలిసికొని వచ్చి, 1896 మొదట శిక్షితుల కొలతలతోపాటు పది వ్రేళ్ళ ముద్రలను గూడ తీయవలసినదని ఆజ్ఞాపించెను. వానిని వరుసపెట్టు సూత్రమును మథించి తీసినవాడు హక్.

ఆ సూత్రము చూచుటకు గహనముగా నుండును గాని, మన పాఠశాల పిల్లలకు రాని లెక్క కాదు. వ్రేలికొనపై గీతలు మూడు తీరుల నుండును. విల్లువలె ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు పోవునవి కొన్ని. వంపు తిరిగి వచ్చిన ప్రక్కకే మరలునవి కొన్ని. సుడి తిరిగి గుండ్రముగా ముగియునవి కొన్ని. మన సాముద్రికులు శంఖ చక్రములని చెప్పునవి ఈ వంపులును సుడులునే. సాముద్రికుడు చక్రములు లెక్కించి రాజయోగము చెప్పును. హక్ చక్రములు లెక్కించి బీరువా అర చెప్పెను. కుడి బొటనవ్రేలు మొదలు చిటికెనవ్రేలి వరకు ఒకటి నుండి అయిదు. ఎడమ బొటనవ్రేలు మొదలు చిటికెనవ్రేలి వరకు ఆరు నుండి పది. వీనిని రెండేసి చొప్పున అయిదు జంటలు చేసిన, మొదటి జంటకు 16, పిదపవానికి వరుసగా 8, 4, 2, 1 విలువలు. సుడి ఉన్న వ్రేలికే విలువ. తక్కిన వానికి సున్న. సరిసంఖ్య వ్రేళ్ళ మొత్తము పైన, బేసిసంఖ్య వ్రేళ్ళ మొత్తము క్రింద వ్రాసి రెంటికిని ఒకటి చేర్పవలెను. ఒకనికి కుడి చూపుడువ్రేలను, ఎడమ బొటనవ్రేలను మాత్రమే సుడులున్నవనుకొందము. అవి రెండవ వ్రేలు, ఆరవ వ్రేలు. పదునారును నాలుగును ఇరువది. ఒకటి చేర్చిన 21. బేసివ్రేళ్ళ సుడులు లేవు గనుక క్రింద 1. వాని కాగితము 21 క్రింద 1 అను అరలో నుండును. ఏ సుడియు లేనివాడు 1 క్రింద 1. పదివ్రేళ్ళ సుడులున్నవాడు 32 క్రింద 32. ముప్పదిరెండు ముప్పదిరెండులు 1024. అన్ని అరలు గల బీరువా చేయించి, ప్రతి అరలోని కాగితములను మరల ఉపవిభాగములు చేసిరి. వెంకయ్య సుబ్బయ్యయైనను, గోసాయి వేషము వేసినను, అతని పది వ్రేళ్ళు అతనిని తిన్నగా ఆ అరకు తీసికొనిపోవును.

1897లో ప్రభుత్వము వారు ఇరువురు సభ్యులతో ఒక సంఘము వేసి ఈ పద్ధతిని పరీక్షింపజేసిరి. ఒకడు సర్వేయర్ జనరల్ స్ట్రాహన్, మరియొకడు రసాయన శాస్త్రజ్ఞుడు పెడ్లర్. వారి నివేదిక అనుకూలముగా వచ్చెను. 1897 జూన్ 12వ తేదీన గవర్నరు జనరలు వారి తీర్మానముచే బ్రిటిషు ఇండియా అంతట నేరస్థులను గుర్తించుటకు వ్రేలిముద్రలే ప్రమాణమయ్యెను. కలకత్తాలోని కొలతల కచేరి వ్రేలిముద్రల కచేరిగా మారెను. లండనులో అట్టి కచేరి వెలయుటకు ఇంకను నాలుగేండ్లున్నవి; ఈ విద్యలో తూర్పు పడమటికి గురువయ్యెననుట అతిశయోక్తి కాదు. 1899లో సాక్ష్యపు చట్టమును సవరించి, వ్రేలిముద్రలను గూర్చి నిపుణుల అభిప్రాయము న్యాయస్థానములలో చెల్లునట్లు చేసిరి.

జల్పాయిగుడి జిల్లా అభియోగము ఆ దినములదే. ఒక తేయాకు తోట మేనేజరు తన గదిలో హత్య చేయబడి పడియుండెను, పెట్టె కొల్లగొట్టబడెను. అనుమానములు వంటవాని మీదికిని, తోటలోని మరికొందరి మీదికిని పోయెను. పెట్టెలో నుండిన ఒక బెంగాలీ పంచాంగముపై గోధుమవన్నె మరకలు రెండు కనిపించెను. అందొకటి నెత్తురు అంటిన బొటనవ్రేలి ముద్ర. కలకత్తా కచేరిలో వెదకగా అది అంతకుముందు దొంగతనమునకు శిక్షపడిన కంగాలీ చరణ్ అను పాత నౌకరుది అయ్యెను. 1898లో న్యాయస్థానము అతనికి దొంగతనమునకు శిక్ష విధించినది కాని హత్యానేరము మోపలేదు. ముద్ర ఆ మనుష్యుడు ఆ గదిలో పంచాంగమును తాకెనని చెప్పును; కత్తి దూసినది అతడేనని చెప్పదు. ముద్ర యెంతవరకు చెప్పునో, ఎక్కడ ఆగునో ఆ న్యాయాధిపతి తొలి అభియోగముననే గుర్తించెను. ఈ వివేకము తరువాతి కాలమున అందరికిని ఉండలేదు.

1900లో హెన్రీ వ్రేలిముద్రల వర్గీకరణమును గూర్చి తన గ్రంథమును ప్రకటించెను. లోకమంతట ఆ పద్ధతికి హెన్రీ పద్ధతి యను పేరు స్థిరపడెను. ఆ గ్రంథమున హక్ పేరు గాని బోసు పేరు గాని తగిన చోట లేదు. ఈ సంగతిని దాటిపోవుట నాకిష్టము లేదు. పనివానిని గుర్తించి, పని యప్పగించి, పై అధికారులతో పోరాడి దానిని నిలిపినవాడు హెన్రీ. ఆ ఘనత ఆయనదే. కాని లెక్క చేసినవానికి లెక్క చేసినవాడని పేరు ఇచ్చుటకు ఇంత కాలము పట్టవలసినది కాదు. హక్‌కు 1913లో ఖాన్ సాహెబు, 1924లో ఖాన్ బహదూరు బిరుదులు వచ్చెను. ఆయన గౌరవ పారితోషికము కోరినపుడు హెన్రీ విముఖుడు గాక, పద్ధతి రూపొందుటలో హక్ చేసిన సాయము మిక్కిలి గొప్పదని ప్రభుత్వమునకు వ్రాసెను. అయిదువేల రూపాయలు లభించెను. బోసుకును రాయ్ సాహెబు, రాయ్ బహదూరు బిరుదులును, అట్టి పారితోషికమును లభించెను. బోసు వ్రేలిముద్రలను తంతివార్తలో అంకెలుగా పంపు సంకేతమును గూడ కల్పించిన మేధావి.

హెన్రీని 1900లో దక్షిణాఫ్రికాకు పంపిరి. అక్కడ ట్రాన్స్‌వాలులో పోలీసు వ్యవస్థను చక్కపరచి, వ్రేలిముద్రల పద్ధతిని నాటివచ్చెను. అది యెట్టి ఫలమిచ్చెనో మన దేశీయులకు తెలిసియుండవలెను. 1906లో ఆ ప్రభుత్వము అక్కడి ఆసియా వాసులందరును పది వ్రేళ్ళ ముద్రలు వేసి అనుమతి పత్రములు పొందవలెనని శాసనము తెచ్చెను. మహాత్మా గాంధీ పోలీసు అధికారియగు హెన్రీ వ్రాసిన గ్రంథమును తెప్పించి చదివి, చట్టము నేరస్థుల వద్దనే ముద్రలు బలవంతముగా తీయునని గ్రహించినట్లు తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రమున తెలిపెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన జొహానిస్‌బర్గు నాటకశాలలో జరిగిన సభలో సత్యాగ్రహము పుట్టినది. ఒక పోలీసు పుస్తకము ఆ మహాయుద్ధమున ఒక ఆయుధమగుట విచిత్రము కాదా! 1908లో రాజీ కుదిరి, స్వచ్ఛందముగా ముద్రలు వేయుటకు గాంధీజీ అంగీకరించినపుడు, స్వజనులే కొందరు కోపించి ఆయనను కొట్టిరి. బలవంతముగా వేయించిన ముద్ర అవమానము, ఇష్టపూర్వకముగా వేసినది మర్యాద యని ఆయన వాదము.

అంత దూరము పోనక్కరలేదు. 1911 నాటి నేరజాతుల చట్టము పుట్టుకచేతనే కొన్ని కులములను దొంగలుగా నిర్ణయించి, వారి వ్రేలిముద్రలను ఎప్పుడైనను తీయుటకు అధికారమిచ్చెను. మన కృష్ణా పడమటి డెల్టాలో బాపట్ల దాపున స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములను ఉంచి, సాల్వేషన్ ఆర్మీ వారిచే కాపుదల చేయించినది ఆ చట్టము క్రిందనే. ఏ నేరము చేయని పిల్లవాడు కూడ పెద్దవాడైనంతనే సిరాపలకపై వ్రేళ్ళు పెట్టవలసివచ్చెను. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. విద్యలో దోషము లేదు. దానిని పట్టుకొన్న చేతిలో నుండెను.

1901లో హెన్రీని లండనుకు పిలిచి స్కాట్లండు యార్డున సహాయ కమిషనరుగా నియమించిరి. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన అక్కడ వ్రేలిముద్రల కచేరి వెలసెను. 1902 జూన్‌లో డెన్మార్క్ హిల్ అను చోట ఒక ఇంటిలో బిలియర్డు బంతులు దొంగిలింపబడెను. క్రొత్తగా రంగు వేసిన కిటికీ దిమ్మెపై ఒక ఎడమ బొటనవ్రేలి ముద్ర నిలిచియుండెను. డిటెక్టివ్ సార్జెంటు కాలిన్స్ దానిని ఫోటో తీసి వెదకగా, హ్యారీ జాక్సన్ అను పాత నేరస్థుడు చిక్కెను. అతనికి ఏడేండ్ల శిక్ష పడెను. 1903లో హెన్రీ లండను పోలీసు కమిషనరయ్యెను.

పంచాంగము మీది ముద్రకు నెత్తురును, కిటికీ మీది ముద్రకు పచ్చి రంగును తోడై అవి కంటికి కనబడెను. కాని దొంగ తాకిన చోట్ల సామాన్యముగా ఏమియు కనబడదు. కనబడని ముద్రను కనబడజేయుటకే పొడులు. ఈ విషయమును కొంచెము విపులముగ చెప్పుట అవసరము.

మన వ్రేలికొనల గీతల మిట్టలపై చెమటరంధ్రములు వరుసగా నుండును. చెమటలో నూటికి తొంబదియెనిమిది పాళ్ళకు పైగా నీరే. తక్కినది ఉప్పు, అమినో ఆమ్లములు మున్నగునవి. అదిగాక ముఖమును, తలను తాకినపుడు జిడ్డు అంటును. నున్నని వస్తువును తాకినపుడు మిట్టల మీది ఈ తడియు జిడ్డును వస్తువుపై నిలిచి, గీతకు గీతగా ముద్ర పడును. పల్లములు తాకవు. సన్నని పొడిని దానిపై చల్లి మెత్తని కుంచెతో తేలికగా ఆడించిన, తడి ఉన్నచోట పట్టును. పొడిగానున్న చోట నిలువక జారిపోవును. మన ఇండ్లలో స్త్రీలు వేకువను కళ్ళాపి చల్లి ముగ్గు వేయునది ఇందుకే కదా! తడిగానున్న నేలపై ముగ్గుపిండి పట్టుకొనును; ఎండిన నేలపై గాలికి లేచిపోవును. తాళపత్ర గ్రంథములు చూచినవారికి మరియొక పోలిక తోచును. గంటముతో గీచిన అక్షరములు ఆకుపై కంటికి ఆనవు. దీపపు మసి పూసి తుడిచిన తరువాత మసి గాట్లలో నిలిచి అక్షరము నల్లగా వెలయును. ముద్రలో మసి నిలుచునది గాటులో కాదు, జిడ్డుపై, భేదము అంతమాత్రమే.

పొడి రంగు వస్తువు రంగునకు విరుద్ధముగా నుండవలెను. తెల్లని పింగాణి మీదను, లేత రంగు వేసిన తలుపు మీదను నల్లపొడి. అందు ముఖ్యమైనది దీపపు మసి, అనగా మన కాటుకకు చుట్టమే. గ్రాఫైటు పొడియు వాడుదురు. నల్లని ఇనుప పెట్టె మీద తెల్లనిదియో, బూడిదవన్నెదియో వాడవలెను. ఫ్రాన్సు దేశమున ఫోర్జో 1891లోనే ఇట్టి పరీక్షలు చేసెను. ఇంగ్లండు పోలీసులు చిరకాలము పాదరసమును సుద్దతో నూరిన బూడిదవన్నె పొడిని వాడిరి. ఆ కాలపు వైద్యులు దానిని మందుగా కూడ ఇచ్చుచుండిరి. ఏండ్లతరబడి దానిని చల్లిన పోలీసువారిలో కొందరికి పాదరస విషము సోకి చేతులు వణకుట కనిపించెనని 1949లో ఇద్దరు పరిశోధకులు వైద్యపత్రికయందు ప్రకటించిరి. పరుల చేతివ్రేళ్ళను పట్టబోయినవారి చేతులే వణకెను! పిదప అల్యూమినియము పొడి మొదలగునవి ప్రచారమునకు వచ్చెను. 1960 ప్రాంతమున అయస్కాంతపు కుంచెతో ఆడించు ఇనుపరజను పొడి కూడ వచ్చెను. దానిలో కుంచె వెండ్రుకలు ముద్రను తాకవు.

పొడి చల్లుట చిన్నపనియే గాని చేయి తిరుగవలెను. ముందుగా ముద్రను ఫోటో తీయుదురు. కుంచెకు పొడి కొంచెమే అంటించి, గీతలు పోవు వాలున త్రిప్పుదురు. ఎక్కువైన పల్లములు కూడ పూడిపోయి ముద్ర మసిబొట్టగును. గట్టిగా రుద్దిన గీతలే చెరిగిపోవును. తేలిన ముద్రపై జిగురు పట్టీ అంటించి ఎత్తి, అట్టముక్కపై పెట్టి భద్రము చేయుదురు. ఈ పని గాజు, పింగాణి, రంగుపూసిన కొయ్య, మెరుగుపెట్టిన ఇత్తడి వంటి నున్నని వానిపైననే బాగుగా సాగును. మట్టిగోడ, గోనెసంచి, తాటాకు వానిపై పొడికి పని లేదు. తడిసిన వస్తువును ముందు ఆరనీయవలెను. నీరు ఎండిపోయిన పాత ముద్రను పొడి పట్టదు. జిడ్డు ముద్ర మరికొన్నాళ్ళు నిలుచును. కాగితము తడిని లోనికి పీల్చుకొనును గనుక దానికి అయొడిను ఆవిరియో, వేరు మందులో కావలెను. 1954లో స్వీడను శాస్త్రజ్ఞులు నిన్‌హైడ్రిన్ అను మందు చెమటలోని అమినో ఆమ్లములతో కలిసి ఊదారంగు చూపునని తెలిపినప్పటినుండి ఏండ్లనాటి కాగితములపై ముద్రలును బయటపడుచున్నవి. అందుచేత మన ఊర దొంగతనము జరిగినపుడు పదిమంది చేరి ఇనుప పెట్టెను, గడియను, చెంబును తాకి చూచుట కూడని పని. దొంగ ముద్రపై పదిమంది ముద్రలు పడును. పొడి చల్లువాడు వచ్చి ఊరివారందరిని అనుమానింపవలసివచ్చును.

హెన్రీ కచేరికి గొప్ప పరీక్ష 1905లో వచ్చెను. ఆ మార్చి 27వ తేదీన లండనులో డెట్‌ఫర్డ్ అను పేటలో రంగుల దుకాణపు ముసలి దంపతులు ఫారో అనువారిని దొంగలు మోది చంపిరి. డబ్బుపెట్టె లోపలి తట్టపై చెమటచేత పడిన ఒక బొటనవ్రేలి ముద్ర దొరకెను. పెట్టెను తాకిన పోలీసువాని ముద్రను, హతుల ముద్రలను ముందుగా పోల్చి, వారివి కావని తేల్చుకొనిరి. అది ఆల్ఫ్రెడ్ స్ట్రాటన్ అనువాని కుడి బొటనవ్రేలితో పదునొకండు చోట్ల సరిపోయెను. ఈ విద్యకు ఆద్యులలో ఒకడైన ఫాల్డ్స్ ఒక్క వ్రేలి సాక్ష్యము చాలదని వాదించుచు ముద్దాయిల పక్షమున నిలిచెను. జూరీ వారు నమ్మిరి. అన్నదమ్ములిరువురిని ఉరితీసిరి. ఫాల్డ్స్ మాటను తేలికగ త్రోసివేయరాదు. ముద్ర అబద్ధమాడదు గాని దానిని చదువువాడు పొరబడవచ్చును. 2004లో మాడ్రిడ్ నగర విస్ఫోటముల విచారణలో అమెరికా నిపుణులు ఒక నిర్దోషియైన వకీలుదే ఆ ముద్రయని పట్టి, పిదప క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను.

1912 నవంబరు 27వ తేదీన హెన్రీ తన ఇంటి గుమ్మమున మోటారు దిగుచుండగా ఆల్ఫ్రెడ్ బోవెస్ అనువాడు పిస్తోలుతో కాల్చెను. బాడుగ మోటారు నడుపుటకు అనుమతి నిరాకరింపబడినదని అతని కోపము. హెన్రీ బ్రతికెను గాని ఆ నొప్పి జన్మాంతము వదలలేదు. తీర్పు వేళ ఆయనయే ఆ యువకుని కొరకు దయచూపుమని న్యాయాధిపతిని వేడుకొనెను. 1922లో అతడు చెర విడివడగా కెనడా పోయి బ్రతుకుటకు ఓడఖర్చు తానే యిచ్చెను. వేలకొలది నేరస్థులను అరలలో పెట్టినవాడు ఒక నేరస్థుని ఆ అర నుండి తీసి దారి చూపెను. ఆయన జీవితమున నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

అట్టి దయ తన క్రింది ఉద్యోగులయెడ సకాలమున పనిచేయలేదు. మొదటి మహాయుద్ధ కాలమున ధరలు పెరిగి, పోలీసు కానిస్టేబుళ్ళు జీతములు చాలక బాధపడుచుండిరి. వారి సంఘమును అధికారులు గుర్తింపలేదు. 1918 ఆగస్టు 30వ తేదీన లండను పోలీసులు సమ్మె కట్టిరి. హెన్రీ సెలవులో నుండెను. సమ్మె వచ్చునని ఎరుగడు. మరునాడే రాజీనామా ఇచ్చెను. ప్రభుత్వము జీతములు పెంచెను. ఆ సంవత్సరమే ఆయనకు బారొనెట్ బిరుదము లభించెను గాని, పదునేడేండ్లు సేవించిన కచేరి నుండి వెడలిన తీరు గౌరవప్రదము కాదు.

అటుపిమ్మట ఆస్కాట్ సమీపమున శాంతముగా కాలము గడిపెను. 1930లో ఒక్కగానొక్క కుమారుడు ఇరువది రెండేండ్ల వయస్సున మరణించెను. 1931 ఫిబ్రవరి 19వ తేదీన హెన్రీ హృద్రోగముచే కన్నుమూసెను. వారసుడు లేనందున బిరుదము అంతరించెను. సమాధి అరువది యేండ్లు పట్టించుకొనువారు లేక పడియుండగా, 1990 దశకమున వ్రేలిముద్రల నిపుణులు దానిని వెదకి బాగుచేయించిరి.

అజీజుల్ హక్ బీహారులోని మోతీహారిలో స్థిరపడి, ప్రభుత్వమిచ్చిన భూమిని చూచుకొనుచు 1935లో దివంగతుడయ్యెను. సమాధియు అచ్చటనే. ఇప్పుడు యంత్రములు క్షణములో ముద్రను వెదకి తీయుచున్నవి. చౌకదుకాణము వద్ద మన ముద్రను ఆధారు యంత్రము పట్టి బియ్యమిప్పించుచున్నది. కలుపుతీసి, నాట్లువేసి వ్రేలిగీతలరిగిన ముసలమ్మలను మాత్రము ఆ యంత్రము గుర్తింపక ఒక్కొక్క దినము త్రిప్పి పంపుచున్నది. గీతలు మరల మొలచువరకు చేతికి నూనె రాచికొనుమని వారికి మన గ్రంథపాలకుడు చెప్పుచుండగా విన్నాను.